ఐరిష్ పూర్వీకుని జాడ తీయడం: తిరుపతి, చిత్తూరు ప్రాంత కుటుంబాలకు ఒక మార్గదర్శిని

ఇంటిపేరును బట్టో, పెద్దల నోటి మాటను బట్టో తమ మూలపురుషుడు ఐర్లాండ్ నుంచి వచ్చినవాడని నమ్మే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు రేణిగుంట, పాకాల వంటి పాత రైల్వే జంక్షన్ల చుట్టూ, ఒకప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రమైన చిత్తూరులోనూ కనిపిస్తాయి. ఆయన ఏ ఊరివాడు, ఏ ఏట వచ్చాడు, ఏ పని మీద వచ్చాడు అని అడిగితే మాత్రం "డబ్లిన్ అని విన్నాం" అన్న సమాధానమే ఎక్కువగా వస్తుంది. ఆ డబ్లిన్ నిజంగా పుట్టిన ఊరు కావచ్చు, సైన్యంలో పేరు రాయించుకున్న ఊరు కావచ్చు, ఐర్లాండ్‌లో తమకు తెలిసిన ఒకే ఒక్క ఊరి పేరు కనుక తర్వాతి తరాలవారు చేర్చుకున్నదైనా కావచ్చు. తిరుపతిలో లేదా చిత్తూరులో ఉంటూ, ఒక కంప్యూటరు, చెన్నైకి కొన్ని ప్రయాణాలు, కొంత ఓపిక ఉన్నవారు ఈ ప్రశ్నకు ఆధారంతో కూడిన సమాధానం ఎలా రాబట్టవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఐరిష్ వంశచరిత్ర మీద ఇంటర్నెట్టులో దొరికే సూచనల్లో అధికభాగం అమెరికాకు వెళ్లినవారి సంతతి కోసం రాసినవి. 1845 నుంచి 1852 వరకు సాగిన మహాక్షామంలో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షల మందికి పైగా దేశం విడిచారు. అట్లా వెళ్లినవారి సంతతికి ఓడ ప్రయాణికుల జాబితాలు, పౌరసత్వ దరఖాస్తులు తొలి ఆధారాలు. మద్రాసుకు వచ్చిన ఐరిష్ మనిషి ఒకే బ్రిటిష్ ప్రభుత్వం ఏలుబడిలోని ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి వచ్చినవాడు కనుక పౌరసత్వ దరఖాస్తు పెట్టుకోవలసిన అవసరమే రాలేదు. పటాలంతో పాటు వచ్చినవాడైతే ప్రయాణికుల జాబితాలో కాక పటాలం లెక్కల్లో కనిపిస్తాడు. అందువల్ల ఆ సూచనలను ఉన్నవి ఉన్నట్టుగా అనుసరిస్తే మొదటి మెట్టులోనే దారి మూసుకుపోతుంది.

అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఐర్లాండ్ రికార్డులు పేరుతో తెరుచుకోవు, ఊరితో తెరుచుకుంటాయి. 1890లో అక్కడ నమోదైన జననాల మీద వేసిన లెక్కలో మర్ఫీ, కెల్లీ, సల్లివన్, వాల్ష్ అన్న నాలుగు ఇంటిపేర్లు మొదటి వరుసలో నిలిచాయి. జాన్ మర్ఫీ అన్న పేరుతో వెతికితే ఒకే కౌంటీలో (మన జిల్లా వంటి విభాగంలో), ఒకే దశాబ్దంలో లెక్కకు మించినవారు బయటపడతారు. వారిలో మనవాడెవడో తేల్చేది ఆయన పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు, వీలైతే ఆ పారిష్‌లోని పల్లె పేరు. ఆ పల్లె పేరు ఐర్లాండ్‌లో దొరకడం కంటే ఇక్కడి కాగితాల్లో దొరకడానికే అవకాశం ఎక్కువ. కాబట్టి ఇక్కడి పని పూర్తి కానిదే అక్కడి రికార్డుల జోలికి వెళ్లకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇంట్లో ఉన్నవి

ట్రంకు పెట్టెలో దాచిన కుటుంబ బైబిలు చాలా ఇళ్లలో మొదటి ఆధారం. లోపలి ఖాళీ పుటల్లో జననాలు, వివాహాలు, మరణాలు వరుసగా రాసి ఉంటే వాటిని చదవడానికి ముందు ముఖపత్రం తిప్పి ఆ బైబిలు అచ్చయిన సంవత్సరం చూడాలి. 1885లో అచ్చయిన పుస్తకంలో 1840 నాటి జననం కనిపిస్తే అది జరిగిన నాడు రాసినది కాదు, తర్వాత ఎవరో జ్ఞాపకం మీద ఎక్కించినది. సిరా రంగు, చేతిరాత మొదటి పది పంక్తుల్లో ఏ మార్పూ లేకుండా సాగినా అదే అర్థం చేసుకోవాలి. అట్లాంటి నమోదును పారేయనక్కరలేదు గాని, దానిలోని తేదీకి ఒకటి రెండేళ్ల సడలింపు ఇచ్చి వెతకాలి.

సైనిక పతకం ఉన్న ఇంటివారు అదృష్టవంతులు. పతకం ముఖం మీది బొమ్మను అందరూ చూస్తారు గాని, అంచు మీద చుట్టూ చెక్కిన సన్నని అక్షరాలను చూసేవారు తక్కువ. భూతద్దం పెట్టి, దీపాన్ని పక్క నుంచి పడేటట్టు ఉంచి తిప్పుతూ చదివితే సైనికుని పేరు, రెజిమెంటు, చాలా పతకాల మీద హోదా, నంబరు కూడా బయటపడతాయి. ఆ నంబరు 1920కి ముందుదైతే ఒక్క రెజిమెంటు పరిధిలోనే చెల్లుతుంది కనుక, రెజిమెంటు పేరు లేకుండా నంబరు ఒక్కటే రాసుకుంటే దానివల్ల ప్రయోజనం లేదు. మెరుగు కోసం పతకాన్ని చింతపండుతో తోమే అలవాటు ఉన్నవారు దయచేసి మానుకోవాలి. అరిగిపోయేవి మొదట ఆ అక్షరాలే.

వీటితో పాటు రైల్వే సర్వీసు పుస్తకాలు, పాఠశాల ధ్రువపత్రాలు, ఆంగ్లో ఇండియన్ అని రుజువు చేసుకోవడానికి తీసుకున్న కాగితాలు చూడాలి. రాజ్యాంగంలోని 366వ అధికరణం రెండవ ఖండం పితృవంశంలో ఐరోపా సంతతి ఉన్నవారినే ఆంగ్లో ఇండియన్‌గా నిర్వచించింది. 336వ అధికరణం రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా ఉద్యోగాల్లో వారికి 1950 తర్వాత పదేళ్ల పాటు క్రమంగా తగ్గే ప్రత్యేక కేటాయింపు కల్పించింది. ఆ కాలంలో ఉద్యోగంలో చేరిన తాతగారు ఉంటే, తన తండ్రి, తాతల పేర్లు చూపుతూ ఏదో ఒక కాగితం సమర్పించి ఉండే అవకాశం ఉంది. పెద్దవారిని అడిగేటప్పుడు వారు పలికిన ఊరి పేరును సరిదిద్దకుండా, పలికినది పలికినట్టు తెలుగు లిపిలోనే రాసుకోవడం మేలు. ఐరిష్ పల్లె పేరు మూడు తరాల నోళ్లలో నలిగినా దాని ధ్వని కొంత మిగిలే ఉంటుంది; మనం తెలిసిన ఊరి పేరుగా మార్చి రాస్తే అదీ పోతుంది.

మద్రాసు రికార్డులు

నేటి చిత్తూరు, తిరుపతి జిల్లాల పేర్లతో 19వ శతాబ్దపు రికార్డులు వెతికితే ఏమీ దొరకదు. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులోనూ, మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు కడప జిల్లాలోనూ ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఇదంతా మద్రాసు పాలనలోని భూమి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చినది. అందువల్ల పాత ప్రభుత్వ దస్త్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక్కరోజులో వెళ్లి రావచ్చుననిపిస్తుంది గాని, అనుమతి తీసుకోవడం, సూచికలు చూడడం, దస్త్రం తెప్పించుకోవడం ఒక్కొక్కటీ సమయం తీసుకునే పనులు కనుక రెండు మూడు రోజులు అక్కడే ఉండేటట్టు ఏర్పాటు చేసుకోవడం మంచిది.

అయితే చర్చి నమోదుల కోసం అంత దూరం వెళ్లనవసరం లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాల నకళ్లు మద్రాసు మీదుగా లండన్‌కు పంపబడేవి. 1698 నుంచి 20వ శతాబ్దం మధ్య వరకు ఉన్న ఆ సంపుటాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు (లండన్ నుంచి భారతదేశ పాలన చూసిన శాఖ) రికార్డుల్లో ఎన్ 2 అన్న వరుసలో ఉన్నాయి. ఫైండ్‌మైపాస్ట్ సంస్థ రుసుము తీసుకుని వాటి ఛాయాచిత్రాలు చూపిస్తుంది. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో సూచిక ఉచితం. ఫిబిస్ అన్న పొట్టిపేరుతో పిలిచే, బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర సంఘం స్వచ్ఛంద కార్యకర్తలు తయారు చేసిన డేటాబేస్‌ను కూడా డబ్బు కట్టకుండా వెతకవచ్చు. మొదట ఉచితమైనవి రెండూ పూర్తిగా వెతికి, దొరికిన సూచికలు చేత పట్టుకుని, ఒక నెలకు మాత్రం రుసుము కట్టి ఛాయాచిత్రాలన్నీ ఒకేసారి దించుకోవడం తెలివైన పద్ధతి.

ఈ నకళ్లలోని వివాహ నమోదును తొందరపడి చదవకూడదు. వరుడు, వధువుల పేర్లు, వయస్సు, పెళ్లికాని వారా లేక భర్త లేదా భార్య పోయినవారా, వృత్తి లేదా హోదా, వివాహ సమయానికి ఉంటున్న ఊరు, తండ్రుల పేర్లు, సాక్షుల సంతకాలు వేర్వేరు గడుల్లో ఉంటాయి. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల నమోదుల్లో తండ్రి పేరు గడి ఉండకపోవచ్చు. పుట్టిన ఊరు ఏ గడిలోనూ ఉండదు. చాలామంది ఇక్కడ నిరాశపడి పుట మూసేస్తారు. వారు వదిలేసే సాక్షుల గడిలోనే తరచుగా తర్వాతి దారి ఉంటుంది. సాక్షి అదే పటాలంలోని తోటి ఐరిష్ సైనికుడు కావచ్చు, ఒకే ఊరి నుంచి కలిసి వచ్చినవాడు కావచ్చు, వధువు సోదరుడైనా కావచ్చు. మనవాడి కాగితాలు చెప్పని ఊరి పేరు సాక్షి కాగితాలు చెప్పిన సందర్భాలు ఈ పనిలో కొత్త కాదు. కాబట్టి పిల్లలందరి బాప్తిస్మ నమోదుల్లోని సాక్షులను, జ్ఞాన తల్లిదండ్రులను (బాప్తిస్మంలో బిడ్డకు పూచీగా నిలిచేవారిని) కలిపి ఒక పట్టిక వేసుకుని, రెండుసార్లకు మించి కనిపించే పేర్ల మీద దృష్టి పెట్టాలి.

ఐరిష్ సైనికుల్లో కాథలిక్కులు చాలామంది కనుక మరో చిక్కు ఉంది. లండన్‌కు వెళ్లిన నకళ్లు ప్రధానంగా ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్, చర్చిలవి. కాథలిక్ గురువులు పంపిన నకళ్లు ఉన్నా అవి సమగ్రం కావు. మద్రాసు వికారియేట్‌ను (బిషప్పు పాలన కింది కాథలిక్ మత ప్రాంతాన్ని) 1834 నుంచి 1880 వరకు డేనియల్ ఓకానర్, జాన్ ఫెనెల్లీ, స్టీఫెన్ ఫెనెల్లీ అనే ముగ్గురు ఐరిష్ బిషప్పులే వరుసగా నడిపారు. చెన్నైలో అర్మీనియన్ వీధిలోని సెయింట్ మేరీస్ కో-కథీడ్రల్ ఆ కాలపు కేంద్రం. కాబట్టి కాథలిక్ కుటుంబమైతే జ్ఞానస్నానం జరిగిన విచారణ (కాథలిక్ పారిష్) ఏదో తేల్చుకుని, అక్కడి విచారణ గురువుకు ముందుగా లేఖ రాసి, సంవత్సరం, పేర్లు స్పష్టంగా తెలిపి, అసలు రిజిస్టరు చూపించమని కోరాలి. ఆర్కాటు, వేలూరు కంటోన్మెంట్లలో పనిచేసినవారి నమోదులు అక్కడి చర్చిల్లో ఉండే అవకాశం ఉంది. 1853లో మొదలై చిత్తూరులోనూ, తర్వాత మదనపల్లెలోనూ పనిచేసిన అమెరికన్ ఆర్కాటు మిషన్ ప్రొటెస్టెంట్ సంస్థ. ఐరిష్ సైనికుని కూతురు అక్కడి క్రైస్తవ కుటుంబంలోకి కోడలుగా వెళ్లి ఉంటే ఆ మిషన్ చర్చిల రిజిస్టర్లు కూడా చూడవలసి వస్తుంది.

మొదటి తరం తల్లి చాలా సందర్భాల్లో ఈ ప్రాంతపు స్త్రీయే. పాత నమోదుల్లో ఆమెకు క్రైస్తవ పేరు ఒక్కటే ఉంటుంది, కొన్నింటిలో అదీ ఉండదు, తండ్రి పేరు మాత్రమే రాసి వదిలేస్తారు. ఐర్లాండ్ పల్లె కోసం సంవత్సరాల తరబడి వెతికే కుటుంబాలు ఈ తల్లి పుట్టిన ఊరి కోసం ఒక్క దస్త్రమైనా తిప్పకపోవడం నాకు న్యాయంగా తోచదు. సైనికుని మరణానంతరం పింఛను, ఆస్తి విషయాల్లో ఆమె పెట్టుకున్న అర్జీలు మద్రాసు దస్త్రాల్లో మిగిలి ఉంటే, ఆమె ఊరు తెలిసేది వాటిలోనే.

మద్రాసులో మిలటరీ అనాథ శరణాలయం ముద్రణాలయం ఏటా వేసిన అల్మనాక్ (వార్షిక సమాచార పుస్తకం) సంపుటాల్లో ప్రెసిడెన్సీలోని ఐరోపా వాసుల పేర్లు, వృత్తి, ఉంటున్న ఊరు వరుసగా ఉంటాయి. వాటిని ఏడాది వెంట ఏడాది చూసుకుంటూ పోతే మనవాడు ఏ సంవత్సరం ఏ ఊరికి మారాడో, ఏ సంవత్సరం నుంచి పేరు కనిపించడం మానేసిందో తెలుస్తుంది. పేరు ఆగిన సంవత్సరం నుంచి ఖననాల నమోదులు వెతకడం తేలిక. సమాధుల తోటలకు వెళ్లేవారు ఉదయపు ఎండ పక్క నుంచి పడే వేళకు వెళ్లాలి. ఫలకం మీద సున్నం, సుద్ద రుద్దకూడదు. తడి గుడ్డతో తుడిచి, నాలుగు కోణాల నుంచి ఫోటోలు తీస్తే చాలు. ఐర్లాండ్ కౌంటీ పేరు చెక్కిన ఫలకం దొరికితే అది వంద పుటల దస్త్రానికి సమానం.

సైనికుడైతే

1806 జూలై 10న వేలూరు కోటలో జరిగిన సిపాయిల తిరుగుబాటును అణచడానికి ఆర్కాటు నుంచి గుర్రపు దళంతో వచ్చిన రోలో గిలెస్పీ, ఐర్లాండ్‌లోని డౌన్ కౌంటీ, కాంబర్‌లో పుట్టినవాడు. అంతటి అధికారుల పుట్టుపూర్వోత్తరాలు అచ్చులోనే దొరుకుతాయి. కంపెనీ సైన్యంలో అధికారిగా చేరినవారి దరఖాస్తులకు జతచేసిన బాప్తిస్మ పత్రాలు కూడా ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఉన్నాయి. మనకు సాధారణంగా కావలసినది మామూలు సిపాయి వంటి, ప్రైవేట్ అన్న అట్టడుగు హోదాలోని సైనికుడు. ఆయన విషయంలో మొదట తేల్చవలసిన ప్రశ్న, ఆయన ఈస్టిండియా కంపెనీ జీతగాడా, లేక బ్రిటిష్ రాజు సైన్యం నుంచి కొంతకాలానికి ఇక్కడికి వచ్చినవాడా అన్నది. ఈ రెండు సైన్యాల కాగితాలు లండన్‌లో రెండు వేర్వేరు చోట్ల ఉన్నాయి.

కంపెనీ మద్రాసు సైన్యపు రిజిస్టర్లు, హాజరు పట్టీలు బ్రిటిష్ లైబ్రరీలో ఎల్ మిల్ 11 అన్న వరుసలో ఉన్నాయి. కంపెనీ కోసం బ్రిటన్, ఐర్లాండ్‌లలో చేర్చుకున్నవారి జాబితాలు ఎల్ మిల్ 9లో ఉన్నాయి. వాటిలో వయస్సు, ఎత్తు, కళ్ల రంగు, పూర్వపు వృత్తితో పాటు సొంత ప్రాంతం కూడా రాసేవారు. రాజు సైన్యంవారి విడుదల పత్రాలు క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యు.ఓ. 97 అన్న వరుసలో ఉన్నాయి. ఆ పత్రంలో మొదటి పంక్తులే మనకు కావలసినవి: ఫలానా కౌంటీలో, ఫలానా పట్టణానికి దగ్గరగా, ఫలానా పారిష్‌లో పుట్టినవాడు అని అచ్చు ఖాళీల్లో చేతితో నింపి ఉంటుంది. 1883కు ముందు ఈ వరుసలో పింఛనుతో విడుదలైనవారి పత్రాలే దాదాపుగా మిగిలాయి. సర్వీసులో ఉండగానే చనిపోయినవారి కోసం డబ్ల్యు.ఓ. 12 అన్న వరుసలోని హాజరు పట్టీలు చూడాలి. వాటిలో ప్రతి మూడు నెలల పట్టీ చివర, దళం నుంచి తొలగినవారి జాబితా ఒకటి ఉంటుంది. చనిపోయినవారికి, పారిపోయినవారికి, విడుదలైనవారికి పుట్టిన ఊరు, పూర్వపు వృత్తి, సైన్యంలో చేరిన తేదీ రాసినది అక్కడే.

ఒకే పటాలం పేరు మారుతూ పోవడం ఈ వెతుకులాటలో చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. కంపెనీ కింద ఉన్న మొదటి మద్రాసు యూరోపియన్ రెజిమెంటు 1843లో మద్రాసు ఫ్యూజిలియర్స్ అయింది. కంపెనీ పాలన పోయిన తర్వాత 1862లో బ్రిటిష్ సైన్యపు 102వ రెజిమెంటుగా, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్‌గా మారి, 1922లో రద్దయింది. కాబట్టి ఒకే మనిషి 1855లో ఇండియా ఆఫీసు కాగితాల్లో, 1865లో యుద్ధశాఖ కాగితాల్లో కనిపిస్తాడు. 1881 తర్వాతి పేరును బట్టి "మా పూర్వీకుడు డబ్లిన్‌వాడు" అని కుటుంబంలో స్థిరపడి ఉంటే ఆ మాటను అనుమానించవలసిందే.

పింఛను పుచ్చుకుని ఇక్కడే ఉండిపోయిన కంపెనీ సైనికులు కొందరు తిరువళ్లూరు దగ్గరి తిరుపాచూరులో స్థిరపడ్డారు. ఇంగ్లీషు దస్త్రాల్లో ఆ ఊరు ట్రిపాసోర్ అని ఉంటుంది. విడుదలైన మరికొందరు రైల్వేలో చేరారు. మద్రాసు రైల్వే 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు మొదలై, తర్వాత రేణిగుంట, కడపల మీదుగా వెళ్లిన శాఖ 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. పాకాల మీదుగా పోయిన మీటర్ గేజ్ లైను సౌత్ ఇండియన్ రైల్వేది, అంటే వేరే కంపెనీది, వేరే కాగితాలది. బ్రిటన్‌లోనే ఒప్పందం రాసుకుని వచ్చిన డ్రైవర్లు, ఫోర్‌మన్ల పేర్లు ఇండియా ఆఫీసు రికార్డుల్లో దొరకవచ్చు. ఇక్కడే చేరినవారికి అట్లాంటి ఒప్పందం లేదు కనుక వారి సైనిక కాగితాలకే తిరిగి రావాలి.

ఐర్లాండ్ వైపు

ఊరి పేరు చేతికి వచ్చిన తర్వాత దానిని అక్కడి పాలనా విభాగాల్లో సరిగ్గా ఎక్కడ ఉందో నిలబెట్టాలి. ఐర్లాండ్ ద్వీపంలో 32 కౌంటీలు, వాటి లోపల బారనీలు, సివిల్ పారిష్‌లు, అన్నిటికంటే కింద, పల్లె స్థాయిలో, దాదాపు 61,000 టౌన్‌లాండ్‌లు ఉన్నాయి. కాథలిక్ పారిష్ సరిహద్దులు సివిల్ పారిష్ సరిహద్దులతో కలవవు. జనన మరణాల నమోదు జిల్లాలు మరో లెక్క ప్రకారం, పేదల సంరక్షణ యూనియన్ల హద్దుల మీద ఏర్పడ్డాయి. ఒకే పేరుగల టౌన్‌లాండ్‌లు అనేకం ఉంటాయి కనుక, ఐర్లాండ్ ప్రభుత్వ స్థలనామాల డేటాబేస్‌లో అన్నిటినీ తీసి, కౌంటీ సరిపోయినవాటినే మిగుల్చుకోవాలి.

1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయింది. 1821 నుంచి 1851 వరకు తీసిన నాలుగు జనగణనల్లో అధికభాగం, ప్రొటెస్టెంట్ చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ రిజిస్టర్లలో సగానికి పైగా, అసలు వీలునామాల్లో చాలావరకు అందులో పోయాయి. 1861 నుంచి 1891 వరకు తీసిన జనగణనలను మంటలు కాదు, ప్రభుత్వమే నాశనం చేసింది. ఈ మాట విని అంతా పోయిందనుకోవడం పొరపాటు. కాథలిక్ రిజిస్టర్లు ఆయా పారిష్‌లలోనే ఉండడం వల్ల మిగిలాయి. 1864 జనవరి 1 నుంచి అందరికీ, కాథలికేతరుల వివాహాలకు 1845 నుంచి, పౌర నమోదు ఉంది. పాత నమోదుల ఛాయాచిత్రాలు ప్రభుత్వ వంశచరిత్ర వెబ్‌సైటులో ఉచితం. 1901, 1911 జనగణనల కాగితాలు ఇంటింటివీ ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ ఉచితంగా చూపిస్తుంది.

మనవాడు 1864కు ముందు పుట్టినవాడైతే కాథలిక్ రిజిస్టరే ఆధారం. ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీ 2015లో వెయ్యికి పైగా పారిష్‌ల రిజిస్టర్లను, సుమారు 1880 వరకు ఉన్నవాటిని, ఇంటర్నెట్టులో పెట్టింది. చాలా రిజిస్టర్లు లాటిన్‌లో ఉన్నాయి గాని భయపడవలసినది లేదు, వాక్యం ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది: తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో తల్లి పేరు, జ్ఞాన తల్లిదండ్రులు, కొన్నిచోట్ల టౌన్‌లాండ్. జేమ్స్ అక్కడ జాకోబుస్ అని, విలియం గులీయెల్ముస్ అని ఉంటాడు. ఓ, మాక్ అన్న ముందు చేర్పులు ఒక తరంలో ఉండి మరో తరంలో పోతాయి కనుక ఓరైలీ కోసం వెతికేవారు రైలీని కూడా చూడాలి. పెద్ద కొడుక్కి నాన్నగారి తండ్రి పేరు, రెండో కొడుక్కి అమ్మగారి తండ్రి పేరు పెట్టే ఆచారం అక్కడి ఇళ్లలో విస్తృతంగా ఉండేది. మద్రాసులో పుట్టిన మనవాడి పిల్లల పేర్లు వరుసగా రాసి చూస్తే ఐర్లాండ్‌లోని తాతల పేర్లు ఊహించవచ్చు. ఊహగానే ఉంచుకోవాలి, రుజువుగా రాయకూడదు.

సర్ రిచర్డ్ గ్రిఫిత్ పర్యవేక్షణలో 1847 నుంచి 1864 వరకు అచ్చయిన భూమి విలువల పట్టిక మన పాత భూమిశిస్తు రీసెట్టిల్‌మెంటు రిజిస్టరు చదివినవారికి వెంటనే అర్థమవుతుంది. సర్వే నంబరు స్థానంలో పటం నంబరు, పట్టాదారు స్థానంలో భూమి అనుభవించే రైతు పేరు, ఆ పక్కన ఆయనకు కౌలుకిచ్చిన భూస్వామి పేరు, ఇల్లు, కొట్టాలు, పొలం అన్న వివరణ, విస్తీర్ణం, విలువ ఉంటాయి. పటం నంబరు పక్కన చిన్న అక్షరం ఉంటే అది ఇంటి గుర్తు. పటం తెరిచి ఆ అక్షరం ఉన్నచోట నేటికీ ఇంటి గోడ నిలిచి ఉందేమో ఉపగ్రహ చిత్రంలో చూసుకోవచ్చు. పద్దెనిమిదేళ్లకే సైన్యంలో చేరిన కొడుకు పేరు ఇందులో ఉండదు, తండ్రి పేరు కోసం చూడాలి. కౌంటీ మాత్రమే తెలిసి పారిష్ తెలియనివారికి ఈ పట్టిక మరో విధంగా పనికొస్తుంది: తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు రెండూ కలిసి కనిపించే పారిష్‌లు ఏవో తీస్తే, సల్లివన్ వంటి పేరు కార్క్, కెర్రీ కౌంటీల నిండా ఉన్నా, జంటగా చూసినప్పుడు జాబితా నాలుగైదు పారిష్‌లకు కుదించుకుపోతుంది.

ఐర్లాండ్‌లోనే ఉండిపోయిన అన్నదమ్ములను మరచిపోకూడదు. 1909 జనవరి 1 నుంచి 70 ఏళ్లు నిండినవారికి వృద్ధాప్య పింఛను ఇవ్వసాగారు. 1864కు ముందు పుట్టినవారికి జనన పత్రం లేదు కనుక, వయస్సు రుజువు కోసం 1841, 1851 జనగణనలను వెతికించారు. ఆ జనగణనలు తర్వాత కాలిపోయినా, వెతికిన ఫారాలు మిగిలాయి. వాటి మీద తల్లిదండ్రుల పేర్లు, 1851లో ఉన్న టౌన్‌లాండ్ కనిపిస్తాయి. పింఛను ఆశ వల్లనే, 1901లో 58 ఏళ్లని రాయించుకున్నవారు 1911లో 72 అని రాయించుకోవడం కూడా కనిపిస్తుంది; ఆ తేడా చూసి వేరే మనిషి అనుకోకూడదు. మరో సోదరుడు ఆస్ట్రేలియా వెళ్లి ఉంటే విక్టోరియా రాష్ట్రపు మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు ఉంటాయి. అమెరికా వెళ్లి ఉంటే, బోస్టన్ పైలట్ పత్రికలో 1831 నుంచి దాదాపు 90 ఏళ్లు వెలువడిన తప్పిపోయిన బంధువుల ప్రకటనల్లో ఊరి పేరు దొరకవచ్చు.

డీఎన్ఏ పరీక్ష గురించి అడిగేవారికి చిన్న సమాధానం చాలు. ముత్తాత తండ్రి నుంచి మనకు వచ్చేది సగటున 6 శాతం. ఆ పరీక్ష దేశాన్ని సూచిస్తుంది, దూరపు బంధువులను చూపిస్తుంది, ఊరి పేరు చెప్పదు. ఇంట్లో అందరికంటే పెద్దవారి చేత చేయిస్తేనే ప్రయోజనం ఎక్కువ. ఐరిష్ పౌరసత్వం కోసం ఈ పని మొదలుపెట్టేవారు కూడా ఉన్నారు. తాత లేదా అమ్మమ్మ, నానమ్మలలో ఒకరు ఐర్లాండ్ ద్వీపంలో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టరులో నమోదు కోరవచ్చు; 1850లో వచ్చిన సైనికుని మునిమనవలకు ఆ దారి సాధారణంగా లేదు.

ఒక నమోదును మనవాడిదని ఒప్పుకోవడానికి కనీసం రెండు వేర్వేరు చోట్ల పుట్టిన ఆధారాలు ఒకే మాట చెప్పాలి. ఇతరులు ఇంటర్నెట్టులో పెట్టిన వంశవృక్షాలు ఒకదాని నుంచి మరొకటి నకలు చేసుకున్నవి కనుక, పది వృక్షాల్లో ఒకే తేదీ ఉన్నా అది ఒక్క ఆధారమే. ఈ జాగ్రత్తతో వెళ్తే పట్టణాల్లో 18వ శతాబ్దం వరకు చేరవచ్చు. పశ్చిమ కౌంటీల్లోని అనేక కాథలిక్ రిజిస్టర్లు 1820 తర్వాతనే మొదలయ్యాయి. అంతకు ముందు తరం కోసం 1823 నుంచి 1837 వరకు తయారైన చర్చి పన్ను పుస్తకాలు, భూస్వాముల ఎస్టేట్ల కౌలు పత్రాలు చూడాలి. వాటిలో పేరు లేని భూమిలేని కూలీ కుటుంబమైతే వెతుకులాట అక్కడితో ఆగుతుంది. వంశవృక్షంలో ఆ గడిని ఖాళీగానే ఉంచి, ఏ రిజిస్టర్లు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు చూశారో దాని కింద రాసి పెట్టాలి.